నాన్న దినకార్యం, నమ్మకం లేని కొడుకు

భీమారం_కుర్రోడు (శనివారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ.

గురువారం తెల్లవారుజామున నాన్న పోయారు. గుండెపోటు. డెబ్బై ఒక్క ఏళ్ళు. నేను హైదరాబాద్ నుంచి ఇంటికి చేరేసరికి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. తలకొరివి నేనే పెట్టాను. కుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరగమన్నారు, తిరిగాను. వెనక్కి చూడొద్దన్నారు, చూడలేదు. నేను నాస్తికుణ్ణన్న సంగతి ఆ పూట గుర్తే రాలేదు.

ఇప్పుడు గుర్తొస్తోంది. పదిహేనేళ్ళుగా దేవుణ్ణి నమ్మను. ఇంట్లో అందరికీ తెలుసు, నాన్నకీ తెలుసు. ఆయన ఏడాదికోసారి తిరుమల కొండ నడిచి ఎక్కేవారు. నేను వెంట వెళ్ళి అలిపిరిలో కారులో కూర్చునేవాణ్ణి. కిందికి దిగాక లడ్డూ నా చేతిలో పెట్టి "పోనీ పిండివంట అనుకుని తినరా" అనేవారు. మా ఇద్దరి మధ్య మతం గురించి జరిగిన చర్చ మొత్తం అంతే.

కర్మ చేయించే బ్రహ్మగారు జాబితా ఇచ్చారు. వచ్చే శనివారం పదో రోజు, ధర్మోదకాలు. పిండం పెట్టి, ఇది నాన్నకు అందాలి అని నా నోటితో అనాలి. అందుతుందని నేను నమ్మను. నమ్మకుండా అంటే ఆయన ముందు అబద్ధమాడినట్టు ఉంటుంది. అననంటే అమ్మ ఉంది. "నువ్వు చెయ్యకపోతే మీ నాన్న ప్రేతంలాగే తిరుగుతాడు" అని మా బాబాయి అమ్మ వినేటట్టు అన్నాడు. ఆ రాత్రి అమ్మ కన్ను మూయలేదు.

ఇలాంటి స్థితిలో మీరేం చేశారో చెప్పండి. దయచేసి వాదనలు వద్దు.


బెజవాడ_హేతువు (ఆదివారం, ఉదయం 6:10)

నాన్నగారి విషయం వినడానికి బాధగా ఉంది. కానీ మీరు అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను. చెయ్యకండి.

దేవుడి మీద రాసిన ఒక్క వ్యాసానికి 1933లో కాకినాడ పీఆర్ కాలేజీలో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఉద్యోగం పోయింది. ఆయన ఆగలేదు. 1940లో మన కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని బెజవాడకు తెచ్చారు. ఆయన భార్య సరస్వతి గోరా కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికొచ్చి నిలబడ్డారు. ఆ రోజుల్లో అంటే ఊరు ఊరంతా ఎంత మాట అని ఉంటుందో ఊహించుకోండి. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి సంస్కృత మంత్రాలు పక్కనపెట్టి తెలుగులో పెళ్ళితంతు రాసి, తానే పురోహితుడిగా కూర్చుని పెళ్ళిళ్ళు చేయించారు. వాళ్ళు అంత చేసింది, 2020 దాటాక కూడా మనం బాబాయి బెదిరింపుకు పిండాలు పెట్టడానికా?

ఒక్కసారి తలవంచితే మాసికాలు ఉన్నాయి, సంవత్సరీకం ఉంది, ఆ తర్వాత జీవితాంతం తద్దినాలు.


గోవిందా_గోవింద (ఆదివారం, ఉదయం 6:31)

తండ్రి పోయిన ఇంట్లో ఇవా పాఠాలు. మీకూ చచ్చే ముందు దేవుడు గుర్తొస్తాడు లెండి.


పద్మ_డాలస్ (ఆదివారం, ఉదయం 7:05)

బాబూ, ముందు కాస్త తిను, పడుకో.

మా నాన్నగారు పోయినప్పుడు నాకు టికెట్ దొరకలేదు. అన్నయ్య కర్మ చేస్తుంటే వాట్సాప్ వీడియోలో చూశాను. నాకూ పెద్ద నమ్మకాలు లేవు. అయినా ఆ పూట సిగ్నల్ పోయి తెర మీద బొమ్మ ఆగిపోతే ఏడుపొచ్చింది, ఏదో అయిపోతున్నట్టు. అది భక్తి అని నేను అనుకోవట్లేదు. ఏమిటో చెప్పమంటే చెప్పలేను.

ఇక్కడ అమెరికాలో పెద్దవాళ్ళలో నూటికి 28 మంది ఏ మతమూ లేదన్నారని 2023 ప్యూ సర్వే. వాళ్ళకూ ఎవరైనా పోతే ఏం చెయ్యాలో తోచదు. మా పక్కింటావిడ భర్తది ఏ మతమూ లేని అంత్యక్రియ. ఒక హాలు తీసుకుని ఆయనకిష్టమైన పాటలు వేసి, తలా నాలుగు మాటలు మాట్లాడారు. బావుంది. అయిపోయాక ఆవిడ నా దగ్గరికొచ్చి "మీవాళ్ళకి పది రోజులుంటాయటగా" అని అడిగింది. నాకేం చెప్పాలో తెలియలేదు.


సందేహాల_రావు (ఆదివారం, ఉదయం 9:40)

వాదనలు వద్దన్నారు గానీ, "నమ్మను" అన్న మాటను కొంచెం విప్పి చూసుకుంటే మీకు తేలికవుతుందేమో.

ఊళ్ళో చెరువుంది. అందులో మొసలి ఉందంటారు. ఒకడు ఉందంటాడు, ఒకడు లేదంటాడు. మూడోవాడు నాకు తెలీదంటాడు. ఈ మూడోవాడే అజ్ఞేయవాది. 1869లో ఇంగ్లండులో హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త తన కోసం తయారుచేసుకున్న మాటకు మనవాళ్ళు పెట్టుకున్న తెలుగు పేరు అది. చిక్కేమిటంటే, తెలీదన్న మూడోవాడు కూడా స్నానానికి దిగాలా వద్దా తేల్చుకోవాలి. తెలీదంటూనే దిగేవాడున్నాడు, తెలీదంటూ గట్టు మీదే కూర్చునేవాడున్నాడు. తెలియడం ఒక సంగతి, నమ్మి నడుచుకోవడం ఇంకొకటి. నేను తెలీదనే అంటాను, కానీ లేడన్నట్టే బతుకుతున్నాను. అందుకని ఎవరైనా నాస్తికుడంటే కాదనను, సందేహజీవి అంటే సంతోషిస్తాను.

మీ పదో రోజు కూడా అంతే. పిండం నాన్నకు అందుతుందా అన్న ప్రశ్నకు జవాబు తెలియకుండానే ఆ చెరువులో దిగొచ్చు.


భీమారం_కుర్రోడు (ఆదివారం, ఉదయం 10:02)

రావు గారూ, మొసలి కాలు పట్టుకున్నాక గజేంద్రుడికే కలడో లేడో అని అనుమానం వచ్చింది కదా. నాన్నకి ఆ ఘట్టమంటే ప్రాణం. పొద్దున్నే స్నానం చేస్తూ పద్యాలు పాడేవారు.


లెక్కల_మాస్టారు (ఆదివారం, ఉదయం 11:15)

నాయనా, నేను రోజూ సంధ్య వార్చే మనిషిని. రిటైరై పదేళ్ళయింది. ఈ వేదికలో నాబోటివాళ్ళు తక్కువ, అయినా చెప్పనివ్వండి.

నువ్వు పడుతున్న ఇబ్బంది కొత్తది కాదు. రామాయణం అయోధ్యకాండలో జాబాలి అనే ముని రాముడితో ఇదే అంటాడు. ఇక్కడ ఒకడు తింటే ఇంకొకడి కడుపు నిండుతుందా, అలా నిండేటట్టయితే దూర ప్రయాణం వెళ్ళేవాడికి దారిబత్తెం ఎందుకు, ఇంటి దగ్గర శ్రాద్ధం పెడితే సరిపోదా అని. రాముడు కోప్పడ్డాడు. అది వేరే సంగతి, వాల్మీకి మాత్రం ఆ మాటల్ని కొట్టెయ్యకుండా ఉంచాడు.

హేతువు గారు నాస్తికుడనే మాటను గర్వంగా వాడతారు. మనువు లెక్కలో దానికి అర్థం వేదాన్ని నిందించేవాడని. ఆ లెక్కన సృష్టికర్త అక్కర్లేదనే సాంఖ్యం, మీమాంస ఆస్తిక దర్శనాలైపోయాయి, బౌద్ధ జైనాలు నాస్తికాలైపోయాయి. పిండాలూ శ్రాద్ధాలూ ఎలా చెయ్యాలో తలలు బద్దలుకొట్టుకుని తేల్చిన మీమాంసకులకే సృష్టి చేసిన దేవుడు అవసరం పడలేదు! ఋగ్వేదం పదో మండలం 129వ సూక్తం చివర చూడండి. ఈ సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసు, ఒకవేళ ఆయనకూ తెలియదేమో అంటుంది. నమ్మేవాడి నోట వచ్చిన మాటే ఇది.

నేను ముప్ఫై ఏళ్ళు పదో తరగతికి లెక్కలు చెప్పాను. దేవుణ్ణి ఎప్పుడూ రుజువు చెయ్యబోలేదు. సిద్ధాంతంలా నమ్మితే రుజువు కావాలి. నేను మా అమ్మను నమ్మినట్టు నమ్ముతాను.


బెజవాడ_హేతువు (ఆదివారం, ఉదయం 11:28)

మాస్టారూ, అమ్మ కనపడుతుందండీ. ఆవిడ ఉందో లేదో అని ఎవరూ తగాదా పడరు. అసలు తేడా అక్కడే ఉంది, మీరు దాన్ని దాటేశారు.


గోవిందా_గోవింద (ఆదివారం, ఉదయం 11:36)

1995లో వినాయకుడు పాలు తాగింది దేశమంతా చూసింది. అది కనపడలేదా?


దివిసీమ (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

నేనూ తాగించాను గోవిందా గారూ. సెప్టెంబర్ 21. బడి ఎగ్గొట్టి మరీ లైన్‌లో నిలబడ్డాను. చెంచా తొండానికి ఆనించగానే పాలు తగ్గాయి, ఒళ్ళు జలదరించింది. మర్నాడు మా సైన్స్ మాస్టారు పాలలో కుంకుమ కలిపి అదే చేసి చూపించారు. తొండం మీంచి సన్నటి ఎర్ర చార కిందికి జారుతూ కనపడింది. తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి రాతికి అంటుకుంటాయి, ఆపై కిందికి జారిపోతాయి. తెల్ల పాలు తడిరాయి మీద కనపడవు. ఆ మాస్టారు రోజూ విభూతి పెట్టుకునే మనిషి, అది కూడా చెప్పాలి.

(ఈ తర్వాత వచ్చిన పద్నాలుగు జవాబులు తీసేశాను. తలకొరివి పెట్టి నాలుగు రోజులు కాని మనిషి అడిగిన చోట ఒకరి తండ్రుల గురించి ఒకరు రాసుకోవడం బాగాలేదు. నిర్వాహకుడు)


దివిసీమ (ఆదివారం, మధ్యాహ్నం 3:47)

తగాదా అయిపోతే నా సంగతి చెప్తాను.

1977 నవంబర్ 19 ఉప్పెన. మావైపు ఆ ఒక్క రాత్రి వేలమంది పోయారు. మా తాతయ్య, నాయనమ్మ ఇద్దరూ చెరో తుమ్మచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నారు. ముళ్ళు దిగిన మచ్చలు నాయనమ్మ చేతుల మీద చివరిదాకా ఉన్నాయి. ఇద్దరు పిల్లలు కొట్టుకుపోయారు, మా నాన్న మిగిలాడు.

ఆ రోజు నుంచి తాతయ్య గుడి మెట్టు ఎక్కలేదు. "చూస్తూ ఊరుకున్నవాడికి దణ్ణమేంటి" అనేవాడు. నాయనమ్మ శనివారం శనివారం ఉపవాసం మొదలుపెట్టింది. "ఒక్కణ్ణైనా ఉంచాడు" అనేది. ఒకే నీళ్ళు, ఒకే రాత్రి, పక్కపక్క చెట్లు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేశారు. ఆవిడ దీపం పెట్టే వేళకి ఆయన గొడ్లచావిట్లోకి వెళ్ళిపోయేవాడు. ఒకరినొకరు మార్చాలని చూడగా నేను ఎరగను.

దేవుడున్నాడనడానికీ లేడనడానికీ పుస్తకాల్లో చాలా వాదనలు చదివాను. మా ఇంట్లో ఏ ఒక్కరూ వాదన విని అటు గానీ ఇటు గానీ వెళ్ళలేదు.


ఓరుగల్లు_పోరడు (ఆదివారం, సాయంత్రం 6:30)

దివిసీమ అన్నా, మా ఇంట్ల కూడ అంతే. మా తాతను గుడి బయట నిలబెట్టిండ్రు, కొబ్బరికాయ ఆడనే కొట్టి పొమ్మన్నరు. ఆయన చర్చికి పోయిండు. ఆడ పక్కన కూర్చోబెట్టుకున్నరు, అదొక్కటే ఆయన చూసుకున్నది. బైబిల్ల ఏమున్నదో ఆయనకు తెల్వది, చదువు రాదు. మా బాపు పుట్టినకాన్నుంచి చర్చే. నేను డిగ్రీల ఉన్నప్పుడు అడుగుడు మొదలువెట్టిన. పాస్టర్ గారు అడుగొద్దన్నడు. గంతే, బయటికొచ్చిన.

ఇగ తమాషా వినుండ్రి. సర్టిఫికెట్ల మేం హిందువులం. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతది. సిక్కులకు 1956ల, బౌద్ధులకు 1990ల కలిపిండ్రు, చర్చికి పోయెటోళ్ళకు లేదు. అంటే కాయితం మీద ఒకటి, ఆదివారం ఒకటి, నా లోపల ఏదీ లేదు. కులం మతం లేదని రాసుకునే గడి పెట్టాలె అని 2023ల మా తెలంగాణ హైకోర్టు పుట్టుక సర్టిఫికెట్ల గురించి చెప్పింది. మంచిదే. కానీ ఆ గడి నింపుడు అందరికీ ఒకే ధరకు రాదు.

2011 జనగణనల నాస్తికులమని రాయించుకున్నోళ్ళు దేశం మొత్తం 33 వేల చిల్లర. భీమవరం ఊరి జనంల పావు వంతు కూడ రారు. నిజంగ గంతే మంది ఉన్నరా? నాలెక్క మూసుకొని కూసున్నోళ్ళు ఎందరో.


కర్నూలు_ఆపా (ఆదివారం, రాత్రి 9:05)

మూసుకుని కూర్చున్నవాళ్ళలో నేనొకదాన్ని.

మా ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలియనివ్వను కూడా. రంజాన్‌లో ముప్ఫై రోజాలూ ఉంటాను. తెల్లవారుజామున మూడున్నరకి అమ్మీ లేపి, నిద్రమొహంతో నాకు సహరీ పెడుతుంది. ఆ గంటలో ఇంట్లో మేమిద్దరమే మెలకువగా ఉంటాం. నేను నమ్మట్లేదని చెప్తే ఆ గంట పోతుంది. ఇది కపటమని హేతువు గారు అనొచ్చు, అనండి. మీకు ఇంట్లో చెప్పి కూడా లడ్డూ పెట్టిన తండ్రి దొరికాడు. అది అందరికీ దొరకదు.


బెజవాడ_హేతువు (ఆదివారం, రాత్రి 10:18)

ఆపా, మిమ్మల్ని అనను. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. మూఢనమ్మకాల మీద పోరాడినందుకు దాభోల్కర్‌ని 2013లో పుణెలో పొద్దున నడకకి వెళ్తుంటే కాల్చేశారు.

కుర్రోడు గారూ, పొద్దున కటువుగా రాశాను. ఒక సంగతి గుర్తొచ్చింది, మీకు పనికొస్తుందేమో. గోరా గారి పెద్దమ్మాయి పెళ్ళి సేవాగ్రామ్‌లో చేయిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. పెళ్ళికొడుకు దళితుడు. పెళ్ళివాళ్ళు దేవుడి పేరున ప్రమాణం చెయ్యరు కదా మరెలా అంటే, ఆ చోట సత్యం పేరున అని మారుద్దామన్నారు. పెళ్ళి జరిగేలోపే గాంధీని చంపేశారు. 1948 మార్చిలో పెళ్ళి అక్కడే జరిగింది. మంత్రం మార్చడానికి మహాత్ముడే ఒప్పుకుంటే మీ బ్రహ్మగారు ఒప్పుకోరా? మీకు నోరు రాని మాటలేవో ముందే చెప్పి చూడండి.


పద్మ_డాలస్ (సోమవారం, ఉదయం 6:50)

రాత్రంతా ఇదే ఆలోచిస్తున్నాను. ఇంత చర్చ అయింది. పిండం, ప్రేతం, వేదం, గాంధీ అన్నీ వచ్చాయి. పదో రోజు అమ్మగారికి ఏం చేస్తారని ఒక్కరూ అడగలేదు. ఆడదాన్నయి ఉండి నేనూ అడగలేదు.

బాబూ, మీ బ్రహ్మగారి జాబితాలో కాదు, మీ మేనత్తల దగ్గర ఇంకో జాబితా ఉంటుంది. తెల్లారే ఒడ్డుకి తీసుకెళ్తారు. తలనిండా పూలు పెట్టి, చేతులనిండా గాజులు వేసి, ఇంత బొట్టు పెట్టి, తర్వాత అవన్నీ తీయిస్తారు. మా అమ్మకి చేశారు. అరవై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లలా చేతులు వెనక్కి దాచుకుంది. వీడియోలో అది కూడా చూశాను. నాకు సిగ్నల్ పోయింది అప్పుడే.

నువ్వు కొట్లాడదలిస్తే పిండం కోసం కాదు, ఆ గాజుల కోసం కొట్లాడు.


లెక్కల_మాస్టారు (సోమవారం, ఉదయం 7:30)

పద్మమ్మా, సిగ్గుపడుతున్నాను. శాస్త్రం గురించి అంత రాసి ఇది వదిలేశాను.

1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన వీరేశలింగం పంతులు గారు నాస్తికుడు కాదు, బ్రహ్మసమాజి, ఒక్క దేవుణ్ణి గట్టిగా నమ్మినవాడు. ఈ తంతు ఆపడానికి నీకు నాస్తికత్వమే అక్కర్లేదు నాయనా. బ్రహ్మగారి సంగతి నేను చెప్తాను, ఇందులో ఆయన పని ఏమీ లేదు, ఇది ఇంటివాళ్ళ ఆచారం. ఆపుతానంటే ఆయన అడ్డుపడరు. అడ్డుపడేది బంధువులు.


భీమారం_కుర్రోడు (సోమవారం, ఉదయం 8:12)

నిజంగానే నాకు తెలియదు. ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి అడిగాను. మేనత్త డజన్ గాజులు కొనుక్కొచ్చి అలమరలో పెట్టిందట. అమ్మ ఏమీ మాట్లాడలేదు, పొయ్యి మీద పాలు చూస్తోంది.


సందేహాల_రావు (సోమవారం, ఉదయం 8:20)

అమ్మగారికి ఏం కావాలో ఆవిణ్ణే అడగండి. మీరు అనుకున్నదే ఆవిడకీ కావాలని లేదు. నలుగురి ముందు అడగొద్దు.


(ఆ తర్వాతి వారం)

భీమారం_కుర్రోడు (సోమవారం, రాత్రి 10:30)

అయిపోయింది. రాద్దామని రెండు రోజులుగా అనుకుంటున్నాను.

శుక్రవారం బ్రహ్మగారి ఇంటికి వెళ్ళి ఉన్న మాట చెప్పాను. నాకు నమ్మకం లేదండీ, నా చేత అబద్ధం ఆడించకండి అన్నాను. ఆయన పంచాంగంలోంచి తలెత్తకుండా "నీ నమ్మకం నాకెందుకు బాబూ, గోత్రం చెప్పు" అన్నారు. సంస్కృతం ఆయన చదువుతానన్నారు, నన్ను పేరు మాత్రం పలకమన్నారు. నాన్న పేరు పలకడంలో అబద్ధమేం లేదు కదా. పలికాను. కాలవగట్టున పిండం పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి ఎంతకీ రాలేదు. బాబాయి నావైపు చూడటం మొదలుపెట్టాడు. లోపల నవ్వొచ్చింది, మరుక్షణం రావాలి రావాలి అని నేనే అనుకుంటున్నానని తెలిసింది. ఇరవై నిమిషాలకు వచ్చింది. ఎందుకొచ్చింది అంటే అన్నముంది కాబట్టి. అయినా ఊపిరి పీల్చుకున్నాను. హేతువు గారూ, మీరు తిట్టుకోండి.

శయ్యాదానం, అదే మంచం పరుపు దానమివ్వడం, ఒప్పుకోలేదు. ఆ డబ్బు నాన్న చదువుకున్న హాస్టల్‌కి మంచాలకు ఇచ్చాం. బ్రహ్మగారికి ఇవ్వాల్సింది ఇచ్చాం.

ఇక అమ్మ. ముందు రోజు రాత్రి మేడ మీద అడిగాను. చాలాసేపు ఊరుకుని, "మంగళసూత్రం నేనే తీసి దాచుకుంటాను, మీ నాన్నది కదా. బొట్టు నాన్న రాకముందు నుంచీ ఉంది" అంది. తెల్లారి మేనత్త గాజులు పట్టుకొస్తే నేను గుమ్మంలో నిలబడ్డాను. పెద్ద మాటలేం అనలేదు. అత్తయ్యా, అమ్మ రాదు అన్నాను. ఆవిడ నన్నూ నా చదువునీ కలిపి తిట్టింది. అడ్డుపడతాడనుకున్న బాబాయి అరుగు మీంచి లేచొచ్చి, "వదిలెయ్ అక్కా" అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ తెలీదు. మేనత్త భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది. అమ్మ చిన్న బొట్టు పెట్టుకుంది. కొందరు చూసి చూడనట్టున్నారు, ఒకావిడ ఎదురుపడకుండా పెరటి దారిన వెళ్ళింది.

ఇంకోటి. కొంచెం అస్థికలు అమ్మ విడిగా చెంబులో దాచిందట, నిన్న బయటపెట్టింది. కాశీ తీసుకెళ్తావా అని అడిగింది. తీసుకెళ్తానన్నాను.


పద్మ_డాలస్ (సోమవారం, రాత్రి 10:48)

నీ పోస్టు మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.


బెజవాడ_హేతువు (సోమవారం, రాత్రి 11:15)

తిట్టుకున్నాను. కాకి దగ్గర ఒక్కచోటే.


లెక్కల_మాస్టారు (మంగళవారం, ఉదయం 5:40)

కాశీకైతే హైదరాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మొఘల్‌సరాయ్‌లో దిగండి, ఇప్పుడు దీనదయాళ్ జంక్షన్ అంటున్నారు. అక్కణ్ణించి ఆటోలుంటాయి. కాశీలో పాండే హవేలీ దగ్గర తెలుగువాళ్ళ ఆశ్రమం ఉంది, గదికి ముందే రాసుకోవాలి. ఎండాకాలం వద్దు, అమ్మ తట్టుకోలేదు. కార్తికంలో రద్దీ. మాఘం వెళ్ళాక చూసుకోండి. కింది బెర్తు అడగడం మర్చిపోకు.


ఓరుగల్లు_పోరడు (మంగళవారం, ఉదయం 7:02)

గజేంద్రుని పద్యాలు పాడుతడన్నవ్ కదా మీ నాన్న. ఫోన్ల రికార్డింగ్ ఏమన్న ఉన్నదా?


భీమారం_కుర్రోడు (మంగళవారం, ఉదయం 7:20)

ఒకటుంది. బాత్రూంలోంచి, తలుపు అవతలి నుంచి. సగం నీళ్ళ చప్పుడే.